నెత్తిమీద ఓడ

నుంజియమ్మ పొద్దున్నే థియేటరు దుస్తుల గదికి వచ్చి, కోటు విప్పి మేకుకు తగిలించి, కాఫీకి నీళ్ళు కూడా పెట్టకముందే చేసే పని ఒకటుండేది. గోడవారగా చెక్క తలల మీద వరసగా కూర్చోబెట్టిన కిరీటాల్లో మొదటిదాన్ని రెండు చేతులా ఎత్తి తన నెత్తిన పెట్టుకునేది. వీపు నిటారుగా నిలిపి, చేతులు పక్కలకు వదిలేసి, కిటికీ దగ్గర్నుంచి ఇస్త్రీబల్ల దాకా నడిచి మళ్ళీ వెనక్కి వచ్చేది. నడుస్తున్నంతసేపూ పెదవులు కదులుతుండేవి. ఆ కిరీటం ఏ పిల్లదో ఆ పిల్ల పేరు తలచుకుని ఒక మరియమ్మ జపం. జపం ముగిసేలోగా మెడలో ఎక్కడైనా కలుక్కుమంటే కిరీటం దించి కత్తెర అందుకునేది. ఏమీ అనిపించకపోతే దాన్ని చెక్క తలకు తిరిగి అప్పగించి రెండోది ఎత్తుకునేది.

ఆవిడ పొట్టి మనిషి. నల్ల గౌను, నల్ల శాలువా, ఆ పైన మనిషిలో సగం ఎత్తున నిప్పుకోడి ఈకల గుత్తి. చూసినవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయేవాళ్ళు. పనిలో చేరిన మొదటిరోజు నేనూ నవ్వాను. ఆవిడ కోప్పడలేదు.

"నవ్వు హెట్టీ, నన్ను కూడా నవ్వించు. నవ్వితే ఇది కదుల్తుందో లేదో తెలియాలి కదా. ఆ పిల్లలు నవ్వుతూనే మెట్లు దిగాలి" అంది.

నేను ఆ గదిలో ఇస్త్రీ చేసేదాన్ని. మాది వెర్మాంటులో పాడి రైతుల ఊరు. మేము ప్రార్థన చేసే తీరు వేరు, ఆవిడ జపమాల వేరు. అయినా పొద్దున ఆవిడ నడుస్తున్నప్పుడు నేను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కళ్ళు మూసుకునేదాన్ని. "మూసుకో, మూసుకో. దేవుడికి రెండు చెవులు ఉన్నాయిగా, ఒకటి నీకు, ఒకటి నాకు" అనేది.

ఆవిడ పుట్టింది నేపుల్స్ ఎదుట ఉన్న ప్రోచిదా అనే చిన్న దీవిలో. తండ్రి, అన్నలు, పెళ్ళయ్యాక భర్త, అందరూ పడవల మీద బతికినవాళ్ళే. భర్త సముద్రంలోనే పోయాడు. ఆ మాట నాకు ఒక్కసారే చెప్పింది, అదీ ఈకకు జిగురు రాస్తూ, తల ఎత్తకుండా. న్యూయార్కు వచ్చాక ఈకల కార్ఖానాలో చేరింది. ఈకలోని ఒక్కో పోచకు ఇంకో పోచను ముడివేసి పొడుగు చేసే పని. ఆగస్టు ఎండల్లోనూ అక్కడ కిటికీలు తెరవనిచ్చేవాళ్ళు కాదట. కాస్త గాలి తగిలితే చాలు, పొద్దుట్నుంచీ చేసిన పనంతా పైకప్పుకు ఎగిరిపోతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు టోపీల మీద ఈకలు పెట్టుకోవడం మానేశాక కార్ఖానా మూతపడింది. ఆ ఈకలన్నీ ఎటుపోయాయంటే, మా థియేటరుకే వచ్చాయి. వాటి వెనకే ఆవిడా వచ్చింది. మా గదిలోనూ కిటికీలు తెరిచేవాళ్ళం కాదు.

మా ఆటను రెవ్యూ అనేవాళ్ళు, అందులో కథంటూ ఉండేది కాదు. ఒక పాట, ఒక హాస్యగాడు, కుక్కపిల్లల విద్యలు, మళ్ళీ పాట, మధ్యలో మెట్లు. జనం వచ్చేది మెట్ల కోసమే. స్టేజీ ఈ కొసనుంచి ఆ కొసకు పరుచుకుని, ఎక్కడో చీకట్లోకి లేచిపోయే తెల్లటి మెట్లు. తెర లేచేసరికి పైమెట్టు మీద అమ్మాయిలు నిలబడి ఉండాలి. వాళ్ళు పాడరు, ఆడరు. దిగుతారు, అంతే. కిందికి చూడకూడదు, మెట్టును పాదమే వెతుక్కోవాలి. నెత్తిన ఎంత బరువున్నా చెయ్యి పైకి పోకూడదు. "చెయ్యి పైకి పోతే అది బరువని జనానికి తెలిసిపోతుంది. తెలిశాక ఇంక చూడ్డానికేముంది?" అనేవాడు మా స్టేజి మేనేజరు ప్రూయిట్. చెయ్యెత్తిన పిల్లకు మర్నాడు పని ఉండేది కాదు. ఆ పిల్లలకు అది ఎంత అలవాటైపోయిందంటే, సబ్‌వే మెట్లు కూడా అలాగే దిగేవాళ్ళు. చంకలో ఉల్లిపాయల సంచి, చూపు మాత్రం ఎదురుగా ఆకాశంలో.

కిరీటం ముందుకు వాలుతుంటే నుంజియమ్మ దాని వెనకాల, మెడ దగ్గర, ఫ్లానెల్ గుడ్డలో పిట్టలు కొట్టే సీసపు గుళ్ళు పోసి కుట్టేది. దాంతో కిరీటం నెత్తిన నిలకడగా కూర్చునేది. చలికాలంలో తీగల చట్రాలను ఆవిరి గొట్టం మీద వెచ్చబెట్టి పెట్టేది, నుదుటికి చల్లగా తగలకుండా. కిరీటం పెట్టేటప్పుడు ఎలాగూ నుదుటి మీద చెయ్యి వేయాలి కదా, ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరు ఏడ్చి వచ్చారో, ఎవరు ఏమీ తినకుండా వచ్చారో ఆవిడకు ఇట్టే తెలిసిపోయేది. అప్పుడు శాలువా కిందనుంచి కాగితంలో చుట్టిన రొట్టెముక్క బయటికొచ్చేది, ఆలివ్ నూనె అద్ది, వెల్లుల్లి రాసి.

"ఈ వెల్లుల్లి వాసనకి ముందు వరస పెద్దమనుషులు లేచి పారిపోతారు నుంజియమ్మా" అనేది ఓపల్. ఆ పిల్లది కాస్త దురుసు నోరు.

"పోనీలే. ఆకలేసినవాడు ఉంటాడుగా, వాడిని చేసుకో."

ఆ ఏడు మా యజమానికి ఓడల మీద మోజు పుట్టింది. ఒక్కో పిల్ల నెత్తిన ఒక్కో ఓడ. అందరిలోకీ పెద్దది, మూడు స్తంభాలూ, నిండుగా విప్పిన పట్టు తెరచాపలూ ఉన్నది, వెర్నా లిండ్‌క్విస్ట్‌కి ఇచ్చారు. వెర్నా మిన్నెసోటా పిల్ల, అందరికన్నా పొడుగు. ఆ ఓడ తనకు వస్తుందని ఓపల్ ఎంతో ఆశ పెట్టుకుంది. రాలేదని తెలిసిన రోజు పౌడరు డబ్బా గోడకేసి కొట్టింది.

కొత్త ఆట న్యూయార్కులో మొదలయ్యే ముందు అట్లాంటిక్ సిటీలో కొన్నాళ్ళు ఆడి చూసుకోవడం మా వాళ్ళ పద్ధతి. అక్కడికి బయల్దేరడానికి కొద్దిరోజుల ముందు ఒక ఉదయం వెర్నా మా గదికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, దానికే ఆనుకుని నిలబడింది.

"నుంజియమ్మా, నా మెడ ఎడమకి తిరగడం లేదు."

"ఎప్పట్నించి?"

"జులై నించి."

"జులై నించా! నోట్లో నాలుక లేదా పిల్లా నీకు?"

"చెప్తే మీరు బాధపడతారని..."

"ఆహా, ఇప్పుడు సంతోషంతో గంతులేస్తున్నా చూడు. డాక్టరేమన్నాడు?"

"క్రిస్మస్ దాకా తలమీద బరువు పెట్టకపోతే అదే సర్దుకుంటుందన్నాడు. పెడితే ఇక ఎప్పటికీ ఇంతేనన్నాడు. ప్రూయిట్‌కి చెప్పానంటే ఈ సాయంత్రమే ఓడ ఓపల్ నెత్తికెక్కుతుంది. నేను మా ఊరెళ్ళి మళ్ళీ డబ్బాల్లో బఠాణీలు నింపుకోవాలి." నవ్వడానికి ప్రయత్నించింది. "బఠాణీలు చూస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుందమ్మా."

నుంజియమ్మ ఆ పిల్లను బల్లమీద కూర్చోబెట్టి, మెడ వెనక అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది. తర్వాత, "వెళ్ళు. ఎవరికీ చెప్పకు. ఓడ సంగతి నేను చూసుకుంటా" అంది.

ఆ రోజునుంచీ ఆవిడ చేతిలో ఇంకో పని లేదు. ఇత్తడి స్తంభాలు తీసేసి బోలు రెల్లుపుల్లలకు బంగారు రంగు పూసి నిలబెట్టింది. కింది చట్రంలో చూపుకు ఆనని తీగలన్నీ కత్తిరించేసింది. అయినా బరువే. చివరికి వెనకాల ఫ్లానెల్ సంచి విప్పి సీసమంతా డబ్బాలోకి ఒంపేసింది. ముందువైపు తెరచాపలను కాస్త వెనక్కి జరిపి, సీసం లేకుండానే ఓడ నిలకడగా ఉండేలా సర్దింది. మర్నాడు పొద్దున దాన్ని పెట్టుకుని ఒక్క జపంతో ఆగలేదు, జపమాల మొత్తం పూర్తిచేసింది.

"నువ్వూ పెట్టుకో హెట్టీ. పిచ్చుక వాలినట్టుంది!"

పెట్టుకుని నడిచాను. నిజంగా అంతే ఉంది. వెర్నా పెట్టుకుని గదంతా తిరిగి, నుంజియమ్మ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. ఆ గదిలో గాలి లేదన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

అట్లాంటిక్ సిటీలో మొదటి ఆట. హాలు నిండిపోయి, జనం ఊపిరితో వెచ్చగా ఉంది. స్టేజీ వెనక సముద్రపు చలి. తెర తాళ్ళు లాగే బార్నీ క్విర్క్ తన మనుషులతో మాతోపాటే వచ్చాడు. బార్నీ ఐర్లండువాడు, వయసులో ఓడల మీద తెరచాపలెత్తినవాడు. అతని తెర కనురెప్ప కొట్టేలోగా లేచిపోయేది. ఆ వేగానికి జనం అబ్బురపడి ఒక్కసారిగా ఊపిరి పీల్చే చప్పుడు వినడమే అతని జీవితంలో పండుగ.

ఆ రోజూ అలాగే లేచింది. లేవగానే స్టేజీ మీది చల్లగాలి ఉన్నదున్నట్టు హాల్లోకి దూకింది. ఎప్పుడూ జరిగేదే, ఇన్నేళ్ళూ సీసమే ఆ గాలికి కిరీటాలను నిలబెట్టింది. పక్కతెర చాటున సూదీదారం పట్టుకుని నిలబడ్డ నాకు వెర్నా తెరచాపలు నిండుగా ఉబ్బడం కనిపించింది. ఓడ ముక్కు కిందికి వంగింది. నా పక్కన నుంజియమ్మ తన భాషలో ఏదో అంది.

వెర్నా చెయ్యి పైకి లేచి ఓడ అంచును పట్టుకుంది.

మరుక్షణం ఆమె పక్కనున్న ఓపల్ చెయ్యి లేచింది. అదే చెయ్యి, అదే వంపు, వేళ్ళు విప్పి, దూరాన తీరం చూస్తున్నట్టు. ఆ పక్క పిల్లది లేచింది, ఆ తర్వాత ఇంకో పిల్లది. ఒకరి తర్వాత ఒకరు, వాద్యం దరువుకు సరిగ్గా, వరస చివరిదాకా. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎవరూ తల తిప్పలేదు. ఓడ నిలదొక్కుకుంది. చేతులు లేచిన వరసలోనే మెల్లగా దిగాయి. జనం చప్పట్లు కొట్టారు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

ప్రూయిట్‌ను మాత్రం మాయ చెయ్యలేకపోయాం. ఆట అయ్యాక అమ్మాయిలందర్నీ మెట్ల కింద నిలబెట్టాడు.

"భలే నాటకమాడారు. జనం మోసపోయారు. చేతులన్నీ ఒకదాని వెనక ఒకటి లేచాయి. మొదట లేచింది ఎవరిది?"

వెర్నా నోరు తెరవబోయింది.

"నాది" అంది ఓపల్. "ముక్కు దురదపెట్టింది."

"ముక్కు నెత్తిమీద ఉంటుందా నీకు?"

"మా ఇంట్లో అందరికీ కాస్త పైకే ఉంటుంది సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రూయిట్ నవ్వలేదు. "న్యూయార్కులో మొదటి ఆటనాడు మళ్ళీ ఒక్క చెయ్యి లేచిందా, అది ఎవరిదైనా సరే, ఆ పిల్ల మర్నాడు రానక్కర్లేదు. తోడుగా పక్కవాళ్ళ చేతులు లేచినా, వాళ్ళకీ అంతే" అని వెళ్ళిపోయాడు.

వెర్నా ఓపల్ వైపు తిరిగింది. మెడ తిరగదు కనుక ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చింది. "ఎందుకలా చెప్పావే? నేను పోతే ఓడ నీకే వచ్చేదిగా."

"వచ్చేది. కానీ ఇలా రావాలా?" అని ఓపల్ బూట్లు విప్పుకోవడానికి వెళ్ళిపోయింది.

నుంజియమ్మ పెట్టెమీద కూలబడింది. బార్నీ పైనున్న తాళ్ళ అరుగు మీంచి వంగి చూశాడు.

"పడవలవాళ్ళ పిల్లవి కదా నువ్వు! అడుగున బరువు తీసేస్తే ఓడ ఏమవుతుందో మీ నాన్న చెప్పలేదా?"

"చెప్పాడు" అంది నుంజియమ్మ. "కిటికీలు మూసుకుని కూర్చుని గాలి సంగతే మరిచిపోయా బార్నీ." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూస్తే, అతను మరింక ఎగతాళి చేయలేకపోయాడు.

సీసం తిరిగి పెట్టేయమని వెర్నాయే పట్టుబట్టింది. నుంజియమ్మ వద్దంటూనే కుట్టింది. మర్నాడు మధ్యాహ్నం ఆటలో ఓడ కదల్లేదు, చెయ్యీ లేవలేదు. ఆట అయ్యాక వెర్నా కాఫీ గ్లాసు నోటిదాకా తెచ్చుకోలేకపోయింది. బూటు తాళ్ళు కట్టుకోవడానికి వంగలేక కుర్చీలో అలాగే కూర్చుండిపోతే, ఓపల్ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని తాళ్ళు కట్టింది. కడుతూ, "ఈ కాళ్ళేంటే పడవలంతున్నాయి" అంది. వెర్నా నవ్వబోయి, మెడ పట్టుకుని ఏడ్చేసింది.

నుంజియమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఓడను తన గదికి తీసుకుపోయి కుట్లు విప్పి సీసాన్ని మళ్ళీ డబ్బాలో పోసింది. "హెట్టీ, ఇది మళ్ళీ లోపలికి పోదు" అంది. తర్వాతి ఆటలకు వెర్నాకు జలుబు చేసిందని ప్రూయిట్‌కి చెప్పాం. ఆమె చోటు ఖాళీగా ఉంచి అట్లాంటిక్ సిటీ ముగించాం. జలుబు వంక న్యూయార్కులో చెల్లదని అందరికీ తెలుసు.

న్యూయార్కులో మొదటి ఆట రోజు మిట్టమధ్యాహ్నం. స్టేజీ మీద మెట్లకు తెల్లరంగు ఇంకోసారి పూస్తున్నారు. నుంజియమ్మ కత్తెర పక్కన పెట్టి, శాలువా బిగించి కట్టుకుని, "కాస్త నిచ్చెన పట్టుకుంటావా" అంది. అలా అన్నాక, అదేదో చాలా పెద్ద కోరికైనట్టు, "పనిలో ఉంటే వద్దులే" అంది. మనిషి తీరే అంత. ఒకసారి జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా, నన్ను కాఫీ పొయ్యమనడానికి మొహమాటపడి చల్లనీళ్ళు తాగి పడుకుంది. ఎవరికైనా పెట్టడమే గానీ, నాకు పెట్టండని చెయ్యి చాచడం ఆవిడ ఎరగదు.

తాళ్ళ అరుగుకు నిచ్చెన నిట్టనిలువుగా ఉంటుంది. ఆవిడ ముందు, నేను వెనక ఆవిడ గౌను అంచు పట్టుకుని ఎక్కాం. బార్నీ తాళ్ళకు మైనం రుద్దుతున్నాడు.

"వామ్మో! మరియమ్మ తల్లి పటంలోంచి దిగి వచ్చిందనుకున్నా."

"నోరు మూసి కూర్చోడానికి చోటివ్వు ముసలోడా. ఊపిరాడ్డం లేదు."

అతను బోర్లించిన బకెట్టును తన టోపీతో తుడిచి ఇచ్చాడు. ఆవిడ కూర్చుని కాసేపు ఆయాసపడింది.

"నువ్వు తెర లాగితే గాలి ఒక్కసారిగా మీద పడుతుంది కదా" అంది.

"పడుతుంది. అది నా తప్పా?"

"ముందు కింద కొంచెం సందిచ్చి, గాలిని పోనిచ్చి, ఆ తర్వాత ఎత్తితే?"

బార్నీ మైనపు ముద్ద కింద పెట్టాడు. ఆవిడ ఎందుకొచ్చిందో అప్పటికి అర్థమైంది.

"కుదరదు నుంజియా. ఈ ఊళ్ళో నా అంత వేగంగా తెర ఎత్తేవాడు లేడు. ఈ పూట నెమ్మదిగా లేచిందనుకో, ప్రూయిట్ ఏమంటాడు? బార్నీ చేతుల్లో సత్తువ పోయిందంటాడు. కింద ఇద్దరు కుర్రాళ్ళు నా చోటు కోసం ఎదురుచూస్తున్నారు. నాకేమో ఈ తాళ్ళు తప్ప ఇంకేం తెలీదు."

"అంటారు" అంది నుంజియమ్మ. "అనరని అబద్ధం చెప్పను. ముసలాడయ్యాడనే అంటారు."

"మరి తెలిసీ అడుగుతున్నావా?"

"తెలిసే వచ్చా." ఆవిడ శాలువా కొసను వేళ్ళకు చుట్టుకుంది, విప్పింది. "ఈ దేశం వచ్చాక నేను ఎవర్నీ ఏదీ అడగలేదు బార్నీ."

"తెలుసు. పొగరు."

"పొగరే. ఇప్పుడు దాన్ని నిచ్చెన కింద వదిలేసి వచ్చా. తప్పు చేసింది నేను, ఆ పిల్ల కాదు. సీసం పెడితే దాని మెడ పోతుంది, తీస్తే దాని బతుకు పోతుంది. నా చేతిలో ఉన్నదంతా చేశా. ఇంక గాలి ఒక్కటే మిగిలింది. అది నీ చేతిలో ఉంది. నాకోసం చెయ్యి."

కింద తడి ఆరని మెట్ల పక్కన వెర్నా కిరీటం లేకుండా నడక చూసుకుంటోంది. ఓపల్ ఆమె మోచెయ్యి పట్టుకుని ఏదో తిడుతోంది. బార్నీ కటకటాల మీద మోచేతులు ఆనించి వాళ్ళను చూస్తూ ఉండిపోయాడు. ఒక చేత్తో తెర తాడును పట్టుకుని, కొద్దిగా వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. ఆ తాడు అతని అరచేతిలో నలిగి నలిగి మెత్తబడిపోయింది.

"ఎంత నెమ్మదిగా?" అన్నాడు చివరికి, ఆవిడ వైపు చూడకుండానే.

నుంజియమ్మ లేచి వెళ్ళి అతని చేతిమీద చెయ్యి వేసింది.

"పడుకున్న పసిబిడ్డ మీంచి దుప్పటి తీస్తాం చూడు. అలా ఎత్తు నాయనా."